పడవ కాపురం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఇల్లు నమ్మి యోడ నెక్కి సాగితిమయ్య
వెనుక గాలి తోయ వేడ్కతోడ
తిరిగి పోవ నెంచి దిక్కు చూచితిమేని
యెదురు గాలి నవ్వె నేమి చెప్ప!

అవతారిక

కాలిఫోర్నియా తీరం వెంట తెరచాప పడవలో దక్షిణానికి దిగి, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం కొస చుట్టి, లా పాజ్ అఖాతంలో లంగరేసి అక్కడే కాపురం పెట్టిన ఒక తెలుగు పెద్దాయన చెప్పిన ఆటవెలది ఇది. సిలికాన్ వ్యాలీలో ఉద్యోగం వెలగబెట్టినన్నాళ్లూ ఆయన పద్యం జోలికి పోలేదు. పడవలో చేరాక, పంపులు విప్పడానికీ బిగించడానికీ నడుమ దొరికిన తీరికలో ఛందస్సు పట్టుబడింది. ఇంజనీరు గనుక గణాలు లెక్క తప్పలేదు. రాసుకున్న కాగితం అంచున ఇల్లాలు పెన్సిలుతో చేర్చిన టిప్పణి ఉంది. మూలం చిరిగినా ఫరవాలేదు గానీ టిప్పణి పోకూడదని ఈ వ్యాఖ్యాత మతం.

ప్రథమ పాదం

ఇల్లున్ = ఇంటిని; అమ్మి = విక్రయించి; ఓడన్ = ఓడను; ఎక్కి = అధిరోహించి; సాగితిమి = బయలుదేరాము; అయ్య = ఓ అయ్యా!

ఇక్కడ సభంగ శ్లేష ఉంది. ‘ఇల్లున్ అమ్మి’ అని విరిస్తే అమ్మకం, ‘ఇల్లు నమ్మి’ అని విరిస్తే నమ్మకం. కర్తకు మొదటిదే ఇష్టం. ఇల్లమ్మాను, కార్లమ్మాను, గరాజ్ ఊడ్చాను, బంధాలు తెగాయి అని ఆయన భావం. టిప్పణి ఇలా ఉంది: ‘గోదాములో పడేసిన సామానుకు నెలనెలా అద్దె కడుతున్నాం. నా గ్రైండరు అందులోనే ఉంది.’ కాబట్టి రెండో విరుపే సాధువు. గ్రైండరును దాచుకున్నవాళ్లు ఇంటి మీద నమ్మకం వదులుకున్నట్టు కాదు.

‘అమ్మి యోడ’ అన్నచోట క్త్వార్థపు ఇకారానికి సంధి లేదు గనుక యడాగమం వచ్చింది. అమ్మడానికీ ఎక్కడానికీ మధ్య దూరిన ఆ యకారాన్ని చిన్నచూపు చూడకూడదు. ఇంటి దళారి కమీషను, పడవ సర్వేయరు ఫీజు, కొన్న వారానికే ఇంజనుకు అయిన ఖర్చు, ఇవన్నీ దాంట్లోనే ఇమిడి ఉన్నాయి.

ఇక ‘ఓడ’. 36 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవను ఓడ అనడం అతిశయోక్తి. ‘పడవ నెక్కి’ అన్నా గణం చెడదు, యతి చెడదు. అంటే గత్యంతరం లేక వేసిన మాట కాదు, కావాలనే వేశాడు. లోపల నిలబడి చేతులు చాపితే రెండు వైపులా గోడలు తగులుతాయి. అలాంటి చోట ఇద్దరు అలిగి వేరువేరు గదుల్లో కూర్చోవడం కుదరదు. ఒకరు పడవ ముక్కు మీదికి, ఇంకొకరు చుక్కాని దగ్గరికి పోవాలి. దీనిపై టిప్పణి మౌనం వహించింది.

‘అయ్య’ అని ఎవరిని పిలిచాడు? శ్రోతను అని సామాన్య వ్యాఖ్య. అంతకంటే ఎన్సెనాడా రేవులో బల్ల అవతల కూర్చున్న అధికారిని పిలిచాడనుకుంటే అర్థం పుష్టిగా ఉంటుంది. సాన్ డియేగో నుంచి ఒక్క రాత్రి ప్రయాణంలో తగిలే మెక్సికన్ రేవు అది. ఇమిగ్రేషన్, కస్టమ్స్, రేవు కెప్టెన్ కార్యాలయం అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ప్రయాణికుల జాబితా, పడవ పత్రాలు, ఇంజను నంబరు పట్టుకుని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి ప్రదక్షిణ చేయాలి. ఆ ప్రదక్షిణకు ఫలంగా రెండు కాగితాలు చేతికొస్తాయి. పడవకు తాత్కాలిక దిగుమతి అనుమతి పదేళ్లు. మనిషికి పర్యాటకుడిగా మహా అయితే 180 రోజులు. ఇద్దరిలో యజమాని ఎవరో, వెంట వచ్చినవాడెవరో మెక్సికో సర్కారు ఒక్క చూపులో కనిపెట్టింది.

ద్వితీయ పాదం

వెనుకన్ = వెనక నుంచి; గాలి = వాయువు; తోయన్ = నెట్టగా; వేడ్కతోడన్ = ఉత్సాహంతో.

పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది. ‘సాగితిమి’ అని కర్త ఘనత తన ఖాతాలో వేసుకున్నాడు. కాని ‘తోయ’ అన్న క్రియకు కర్త గాలి. కాలిఫోర్నియా తీరం ఎదుటి సముద్రం మీద ఉత్తర పసిఫిక్ అధికపీడనం కూర్చుని ఉంటుంది, ఒడ్డున ఎండకు కాలిన నేల మీద అల్పపీడనం. ఈ రెంటి మధ్య తీరం వెంట వాయవ్య గాలి వీస్తుంది. కింద నీళ్లలో కాలిఫోర్నియా ప్రవాహం కూడా దక్షిణానికే నడుస్తుంది. పైన గాలి, కింద నీరు ఏకమై నెడుతుంటే మనిషి చేయవలసింది చుక్కాని పట్టుకోవడం, ఫొటోలు తీయడం.

1994లో మొదలైన ‘బాహా హా-హా’ అనే యాత్ర ఒకటుంది. శరత్తు చివర పడవల గుంపు సాన్ డియేగోలో కదిలి, టర్టిల్ బేలో, బాహియా సాంతా మరియాలో ఆగుతూ, సుమారు 750 నాటికల్ మైళ్లు దిగి కాబో సాన్ లూకాస్ చేరుతుంది. టర్టిల్ బేలో డీజిలు కావాలంటే పాంగా అనే బెస్త పడవే మన దగ్గరికొస్తుంది. యాత్ర పేరులోని ఆ నవ్వు ఎవరిదన్నది నాలుగో పాదంలో తేలుతుంది.

పాఠాంతరం: టిప్పణిలో ‘వేడ్కతోడ’ కొట్టేసి ‘వాంతితోడ’ అని ఉంది. పక్కన ‘పాయింట్ కన్సెప్షన్ దగ్గర’ అని స్థల నిర్దేశం కూడా. ‘వె’కు ‘వా’తో మైత్రి కుదరదు గనుక యతిభంగం. అర్థభంగం మాత్రం లేదు. తీరం ఒక్కసారిగా తూర్పుకు మళ్లే ఆ కొస దగ్గర సముద్రం రేగి ఉంటుంది. పైగా వెనక గాలికి పడవ ముందుకు పోతూ రెండు పక్కలకూ ఊగుతుంది. పొయ్యి ఇరుసుల మీద వేలాడుతుంది కాబట్టి కుక్కరు నిటారుగా ఉంటుంది, వంటావిడే ఒరుగుతుంది. నడుముకు పట్టీ తగిలించుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో పోపు వేయాలి. ఆవాలు చిటపటలాడాక అవి ఏ దిక్కుకు పోతాయో పోపు వేసినవాళ్లకూ తెలియదు. లక్షణ గ్రంథం మూల పాఠాన్ని సమర్థిస్తుంది, అనుభవం పాఠాంతరాన్ని. మేము రెండూ అచ్చువేశాం.

‘వేడ్క’ ఎలాంటిదో కర్త చెప్పలేదు. టిప్పణిలో అర పేజీ ఉంది.

పొద్దున ఎనిమిదింటికి వీహెచ్ఎఫ్ రేడియో 22వ ఛానెల్లో లా పాజ్ పడవల సభ మొదలవుతుంది. ముందుగా ఎవరికైనా ఆపదా అని అడుగుతారు. తర్వాత వచ్చినవాళ్లు, పోతున్నవాళ్లు, వాతావరణం, ఆటుపోట్లు. ఆపైన సంత. విదేశీ పడవలవాళ్లు తెచ్చుకున్న సామాను అక్కడ డబ్బుకు అమ్ముకోకూడదు. అందుకని రేడియోలో ధర కొబ్బరికాయల్లో చెబుతారు. పాత వించికి ఇన్ని కాయలు, వాడిన తాడు చుట్టకు ఇన్ని కాయలు అంటారు గానీ, కాయ ఒక్కటీ చేతులు మారదు. కోనసీమలో పుట్టిన ఇల్లాలికి ఈ మారకం మింగుడు పడలేదు. ‘అందరూ కాయల్లోనే మాట్లాడతారు. పచ్చడికి ఒక్కటి అడిగితే ఎవరి దగ్గరా లేదు’ అని రాసింది.

లంగరు దగ్గర గాలి ఒకవైపు నెడుతుంది, అఖాతంలో ఆటుపోటు ఇంకోవైపు లాగుతుంది. అడుగున ఉండే కీలు లోతుగా ఉన్న పడవ నీటి మాట వింటుంది, తేలిక పడవ గాలి మాట వింటుంది. పక్కపక్క పడవలు ఒకదానికొకటి వీపు చూపించి, కాసేపటికి ముఖాముఖి తిరుగుతాయి. దీన్ని అక్కడివాళ్లు లా పాజ్ వాల్ట్జ్ అంటారు. అర్ధరాత్రి పొరుగు పడవ చుక్కాని మన కిటికీలోకి తొంగిచూస్తే, అది నాట్యమని గుర్తు తెచ్చుకుని ఊరుకోవాలి.

మరుగుదొడ్డి ప్రసక్తి కావ్యాలకు తగదని కర్త వదిలేశాడు. టీకాకారుడికి ఆ వీలు లేదు. పడవ దొడ్డిని సముద్రపు నీటితో, చేతి పంపు కొట్టి కడుగుతారు. ఉప్పునీరూ మూత్రమూ కలిసి గొట్టం లోపల సున్నపు పెచ్చు కడతాయి. పోయింది వెనక్కి రాకుండా గొట్టం దగ్గర రబ్బరు పెదవులున్న వాల్వు కాపలా ఉంటుంది. పెచ్చు ఊడి ఆ పెదవుల మధ్య ఇరుక్కుంటే వాల్వు మూసుకోదు. దాని పేరు జోకర్ వాల్వు. అప్పుడు పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, తల గోడకు ఆనించి, వేళ్లకు అందీ అందని క్లాంపును స్క్రూడ్రైవరుతో విప్పుతాడు. ఇల్లాలు వెనిగరు సీసా, అగరువత్తి ఆయన పక్కన పెట్టి, డింగీ అనే చిన్న పడవ వేసుకుని ఒడ్డుకు పోతుంది. ‘ఆయన పద్యాలన్నీ ఆ రోజే పుడతాయి’ అని టిప్పణి.

ఒడ్డున కొన్న సరుకు అట్టపెట్టెతో సహా పడవలోకి తేకూడదు. అట్ట మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. సంతలో చింతపండు దొరుకుతుంది, మెక్సికన్లు దానితో పానీయం చేసుకుంటారు. ‘హమైకా’ అని ఎండిన ఎర్ర పూల తొడుగులు గుట్టలు పోసి అమ్ముతారు. అది మన ఎర్ర గోంగూర మొక్కదే. అవి అమ్మే మనిషిని ఆకు ఏమైందని అడిగితే, మేకలను గురించి అడుగుతోందనుకున్నాడట.

తృతీయ పాదం

తిరిగి పోవన్ = వెనక్కి వెళ్లాలని; ఎంచి = తలచి; దిక్కు = ఉత్తర దిక్కును; చూచితిమేని = చూశామంటే.

తలపు ఊరికే రాలేదు. తూర్పు పసిఫిక్‌లో మే 15న హరికేన్ల కాలం మొదలై నవంబరు 30 దాకా సాగుతుంది. బీమా పత్రంలో ఒక అక్షాంశం, ఒక తేదీ ఉంటాయి. ఆ తేదీ తర్వాత ఆ గీతకు దక్షిణాన పడవ ఉంటే కంపెనీకి మీరెవరో తెలియదు. 2014 సెప్టెంబరులో ఒడీల్ హరికేన్ కాబో సాన్ లూకాస్ దగ్గర తీరం దాటి ద్వీపకల్పం పొడుగునా పోయినప్పుడు, లా పాజ్‌లో లంగరు మీదున్న పడవలు కొట్టుకుపోయాయి, మునిగాయి, వాటిలో ఉన్నవాళ్ల ప్రాణాలూ పోయాయి. ఈ వాక్యంలో అలంకారం వెతకవద్దు.

కాబట్టి ఎండాకాలానికి ముందు పడవ కాపురాలన్నీ దిక్కులు చూస్తాయి. కొందరు ద్వీపకల్పానికి తూర్పున ఉన్న కోర్టెజ్ సముద్రంలో పైకి పోయి గ్వైమాస్, సాన్ కార్లోస్ యార్డుల్లో పడవను ఒడ్డెక్కించి, విమానంలో వెళ్లిపోతారు. కొందరు మెరీనాలో రెట్టింపు తాళ్లు కట్టి ఉండిపోతారు. పగలంతా ఉడికినా, రాత్రికి కొరొముయెల్ అనే నైరుతి గాలి లా పాజ్‌కు కాస్త ఊపిరి పోస్తుంది. మన దంపతులు తిరిగి పోవాలనే ‘ఎంచారు’. ఎంచడం వరకే క్రియ పూర్తయిందని గమనించాలి.

చతుర్థ పాదం

ఎదురు గాలి = అభిముఖంగా వీచే గాలి; నవ్వెన్ = నవ్వింది; ఏమి చెప్ప = ఏమని చెప్పేది!

దిగేటప్పుడు తోసిన గాలే ఇది. గాలి మారలేదు, మనిషి తిరిగాడు. తెరచాప దించి, ఇంజను మీద, ఒక్కొక్క అలకూ నుదురు కొట్టుకుంటూ పైకి పోవడాన్ని నావికులు ‘బాహా బాష్’ అంటారు. గాలి కునుకు తీసే అర్ధరాత్రి లేచి, తెల్లారి అది లేచేలోపు ఎంత పోతే అంత పోయి, ఏదో ఒక కొస చాటున దాక్కోవాలి. మళ్లీ రాత్రి, మళ్లీ కొస. డబ్బున్నవాళ్లు ఈ పనికి కెప్టెన్‌ను మాట్లాడుకుని తాము విమానమెక్కుతారు. సాన్ కార్లోస్ నుంచి పడవను లారీ మీద ఎక్కించి ఎడారి దాటించేవాళ్లూ ఉన్నారు.

శిష్ట ప్రమాణం కావాలంటే స్పెయిన్ నావికుడు సెబాస్తియన్ విజ్కాయీనో ఉన్నాడు. 1596లో లా పాజ్‌కు ఆ పేరు పెట్టింది ఆయనే. 1602 మే 5న అకపుల్కో విడిచి ఇదే తీరం వెంట పైకి బయల్దేరాడు. సాన్ డియేగో చేరేసరికి నవంబరు 10. ఆరు నెలల పైచిలుకు! స్పెయిన్ రాజు ఆజ్ఞ ఉన్నవాడికే అంత పట్టింది. మనీలా, అకపుల్కోల మధ్య తిరిగిన సరుకు ఓడలు మరీ తెలివైనవి. 1565 నుంచి రెండున్నర శతాబ్దాలు కాలిఫోర్నియా తీరం వెంట దిగడమే గాని, తిరుగు దారిలో ఇటు కన్నెత్తి చూడలేదు. అకపుల్కో నుంచి తూర్పు గాలి పట్టుకుని నేరుగా పడమటికి పోయాయి. పద్యకర్త ఈ చరిత్ర చదివే ఉంటాడు, కాని దిగాక.

అలంకారం: గాలి నవ్వడం ఉత్ప్రేక్ష అని కొందరు, సమాసోక్తి అని కొందరు. రెండూ ఒడ్డున కూర్చున్నవాళ్ల మాటలు. ఉత్తరానికి ముఖం పెట్టిన పడవలో స్తంభపు తాళ్ల గుండా గాలి పోతుంటే వినబడే చప్పుడు అచ్చం అదే. కనుక స్వభావోక్తి.

‘ఏమి చెప్ప’: బంధువులకు అని శేషం. ఒక్క సీజను తిరిగి వచ్చేస్తామని చెప్పి బయల్దేరారు. ఇప్పుడు మెక్సికో తాత్కాలిక నివాస కార్డు చేతిలో ఉంది, అది నాలుగేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. పడవ అడుగున గుల్లలు పట్టాయి, గీకాలి. టిప్పణి: ‘వచ్చే ఏడు వస్తామని చెప్పండి. పోయినేడు కూడా అదే చెప్పాం, ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు.’

తాత్పర్యం

స్వేచ్ఛ కోరి ఇల్లమ్మి దక్షిణ సముద్రాలకు వచ్చాం, ఇక్కడి సుఖానికి మరిగి ఉండిపోయాం అని కర్త హృదయం. ఆయన రాలేదు, వాయవ్య గాలి తోలింది. ఆయన ఉండిపోలేదు, అదే గాలి పోనివ్వలేదు. ఈ వ్యాఖ్యకు కర్త ఒప్పుకోలేదు. ఇల్లాలు కింద గీత గీసింది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కార్తిక మాసంలో సాన్ డియేగో రేవున పఠించినవారికి గాలి వెనకే ఉంటుంది. లా పాజ్‌లో పఠించినవారికి జోకర్ వాల్వు సులువుగా ఊడుతుంది. మే 15 దాటాక పఠించినవారి ఫలానికి బీమా కంపెనీ పూచీ లేదు.