గుల్‌మార్గ్ ఎక్కిన సద్ది డబ్బా

నేను మూడు గిన్నెల స్టీలు క్యారియర్ని. నా మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాల్లో ఒక పెళ్లి తేదీ, పిల్ల తరఫువాళ్ల పేర్లు ఉన్నాయి. ఝరాసంగం పక్కన ఒక పల్లె నుంచి పెళ్లి సామానుతో పాటు వచ్చాను. ఇప్పుడు ఇస్నాపూర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాను. ఏ షిఫ్ట్ పడితే ఆ షిఫ్ట్‌కు కంపెనీ బస్సెక్కి పాశమైలారం పోతాను. మా ఆయన అక్కడ సీఎన్‌సీ ఆపరేటర్. మందుల ఫ్యాక్టరీల యంత్రాలకు కావలసిన స్టీలు భాగాలు చేస్తాడు. ఆ స్టీలును 316ఎల్ అంటారు, నాకంటే మేలు రకం. నన్ను రోజూ తోమి నింపేది ఆయన భార్య. ఆమెను నేను అమ్మ అంటాను.

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్ చుట్టుపక్కల అత్యల్ప ఉష్ణోగ్రత పటాన్‌చెరులోనే అని పేపర్లలో తరచూ రాస్తారు. తెల్లవారుజామున మొదటి షిఫ్ట్ బస్సు కోసం ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే ఆ వార్తలో అబద్ధం లేదని తెలుస్తుంది. అందరూ మఫ్లర్లు చుట్టుకుని వణుకుతుంటే మా ఆయన మాత్రం సంబరంగా ఉంటాడు. ఆయనకు చలంటే ఇష్టం. పాపను తీసుకుని లోయర్ ట్యాంక్‌బండ్ పక్కనున్న స్నో వరల్డ్‌కు వెళ్లిన రోజు ఆ ఇష్టానికి ఒక రూపం వచ్చింది. టికెట్ సమయం అయిపోయిందని బయటికి పంపేశాక చాలాసేపు మాట్లాడలేదట. ఇంటికొచ్చాక, ఇది గదిలో చేసిన మంచు, కొండ మీద పడ్డ మంచు ఎట్లుంటదో అన్నాడు.

తర్వాత 2022 ఫిబ్రవరి వచ్చింది. బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒక్కడే, కశ్మీర్‌కు చెందిన స్కీయర్ ఆరిఫ్ ఖాన్. క్యాంటీన్ బెంచీ మీద, నా పక్కన ఫోన్ ఆనించి పెట్టుకుని, అన్నం కలపడం మరిచి అతని పోటీ వీడియో చూశాడు మా ఆయన. జెయింట్ స్లాలమ్‌లో ఆరిఫ్‌కు 45వ స్థానం వచ్చింది, స్లాలమ్ పూర్తి కాలేదు. ఎన్నో స్థానం అన్నది మా ఆయనకు పట్టలేదు. ఈ ఆటకు డబ్బు చాలక ఆరిఫ్ ఎన్నో ఏళ్లు తిప్పలు పడ్డాడనీ, ఒలింపిక్స్ కోసం పెళ్లి కూడా వాయిదా వేసుకున్నాడనీ పత్రికలు రాశాయి. ఆ సంగతి మాత్రం మనసులో నాటుకుపోయింది. ఆయన స్కీయింగ్ నేర్చుకుంటానన్నది ఆ మధ్యాహ్నమే.

బెంచీ చుట్టూ నవ్వులు. "అన్నా, అది పైసలున్నోళ్ల ఆట." "గా పైసలు పాప పెండ్లికి దాచుకోరాదే?" నాకు ఇప్పటికీ మనసు రగిలే మాట అది. స్విట్జర్లాండ్ పోయి మంచులో ఫొటోలు దిగి వచ్చిన మేనేజర్ను, సారూ, ఎట్లున్నది అని అడుగుతారు. ఆపరేటర్ పోతానంటే మాత్రం, ఎందుకు అని అడుగుతారు. కష్టపడి సంపాదించిన మనిషికి ఒక ఖరీదైన ఇష్టం ఉండకూడదా? ఉండాలనే నేనంటాను. పాకాల పల్లెలో కూలీల ఇంట్లో పుట్టిన మాలావత్ పూర్ణ గురుకుల పాఠశాలలో చదువుతూ, భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ రోజు ఆమెతో పాటు మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. "గా పిల్ల ఎవరెస్ట్ ఎక్కంగ లేనిది, నేను మంచు మీద నిలబడనా?" అన్నాడు మా ఆయన, మూత పెడుతూ.

డబ్బు ఎక్కడిది? దానికి ఆయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. అద్దె, పాలు, గ్యాస్, పాప ఫీజు ముట్టుకోవద్దు. తన నోటికీ, తన ఒంటికీ, తన జేబుకీ అయ్యే ఖర్చులోంచే తీయాలి. అప్పు చేయొద్దు.

ముందుగా పోయింది ఆదివారం బిర్యానీ పార్సెల్. ఆ తర్వాత జీతం రోజు దోస్తులతో బీరు, రిలీజ్ రోజు సినిమా, వాయిదాల మీద కొందామనుకున్న కొత్త ఫోన్. బండి ఇంట్లో పెట్టి కంపెనీ బస్సు పట్టాడు, పెట్రోలు మిగిలింది. ఎండాకాలంలో కూలర్ కొనాలనుకున్న మాట కూడా వచ్చింది గానీ, అది ఇంటిల్లిపాదిదీ కాబట్టి కూలర్ వచ్చింది.

అన్నిటికంటే కష్టమైంది చాయ్. గేటు బయట రోజుకు రెండు చాయ్‌లు, ఒక సమోసా. లెక్కకు చిన్న మొత్తమే, నెలకు వెయ్యి దాటుతుంది. చాయ్‌ను మానొచ్చు, చాయ్ దగ్గర నిలబడే మనుషులను మానడం ఎట్లా? మొదట్లో లోపలే కూర్చున్నాడు. షిఫ్ట్ ముచ్చట్లు, ఎవరి ఊళ్లో వాన పడ్డది, ఎవరికి ఇంక్రిమెంట్ ఆగింది, అన్నీ ఆయనకు ఒక రోజు ఆలస్యంగా తెలిసేవి. అది చూడలేక అమ్మే ఉపాయం చెప్పింది. అంతవరకు ఖాళీగా ఉండే నా మూడో గిన్నెలో గుగ్గిళ్లు, ఉడికిన పల్లీలు, ఒక్కోరోజు సర్వపిండి పెట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆ గిన్నె పట్టుకుని చాయ్ బండి దగ్గరికి పోయేవాడు. తాగేవాళ్లు తాగేవాళ్లు, గిన్నె మాత్రం అందరి చేతులూ తిరిగేది. ఆ నెలల్లో నా అడుగు గిన్నెకు పడినన్ని గీతలు పెళ్లైన నాటి నుంచీ పడలేదు.

మిగిలిందంతా చిట్టీలో కట్టాడు. అవసరం ఉన్నవాళ్లు పాట పాడి ముందే ఎత్తుకుంటారు, తక్కువ చేతికొస్తుంది. ఆఖరి దాకా ఆగినవాడికి పాట నష్టం ఉండదు. ఆయన ఆఖరిది కావాలన్నాడు.

పైసలు కూడాయి. అప్పుడు తెలిసింది, కార్మికుడికి పైసల కంటే కరువు సెలవులదని. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు వచ్చేది. ఏడాదంతా మానకుండా చేసినా పదిహేను చిల్లర. కశ్మీర్‌లో స్కీయింగ్ నేర్పే గుల్‌మార్గ్‌కు రైల్లో పోయి రావడానికి, అక్కడ నేర్చుకోవడానికి కలిపి చూస్తే మొత్తం సెలవులూ దానికే. మిగిలిన సెలవులను, 30 దాకా, వచ్చే ఏడుకు దాచుకునే వీలుండేది. అందుకని ఆయన దాచడం మొదలుపెట్టాడు. అమ్మ తమ్ముడి కొడుకుకు ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి గుళ్లో పుట్టెంట్రుకలు తీస్తే ఈయన పోలేదు. పాపను తీసుకుని అమ్మ ఒక్కతే జహీరాబాద్ బస్సెక్కింది.

వచ్చిన రాత్రి నన్ను తోముతూ, వెనక్కి తిరగకుండానే అన్నది: "పైసలు నీయి. సెలవులు మాయి గూడ."

ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. నా దృష్టిలో ఈ కథంతటిలో న్యాయమైన మాట అదే. చాయ్ మానితే నష్టపోయేది ఆయన నాలుక. సెలవు మిగిలిస్తే నష్టపోయింది ఆమె పుట్టింటి గడప. కట్టుబాటులో ఆ సంగతి రాసుకోలేదు. ఆ రాత్రి కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక ఏడు సెలవులు ఆయనవి, మరుసటి ఏడు ఆమెవి, ఎక్కడికంటే అక్కడికి. క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నారు.

2024 జనవరికి సెలవు మంజూరైంది. కేంద్ర పర్యాటక శాఖ కింద గుల్‌మార్గ్‌లో స్కీయింగ్, పర్వతారోహణ నేర్పే సంస్థ ఉంది. స్కీలు, బూట్లు కొనాల్సిన పని లేకుండా అక్కడే ఇచ్చి నేర్పుతారు. అందుకే ఆయన బడ్జెట్‌కు అందింది. ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో పాత జాకెట్, గ్లవ్స్ కొన్నాడు. అంతా సిద్ధమయ్యాక ఆ ఏడు మంచు పడలేదు! జనవరి సగమైనా గుల్‌మార్గ్ కొండలు ఎండిన గడ్డితో గోధుమరంగులో ఉన్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. చాయ్, బిర్యానీ అన్నీ మానుకుని పోగుచేసిన మనిషి ఆ ఫొటోను క్యాంటీన్‌లో చూస్తూ కూర్చోవడం నేను చూశాను. అన్నం సగం మిగిలింది.

టికెట్ రద్దు చేసుకుని తర్వాతి బ్యాచికి మార్చుకున్నాడు. కానీ ఫిబ్రవరి చివర సెలవు ఇంకొకరిది. ఒక మిషను మీద ఇద్దరు ఒకేసారి పోవడం కుదరదు. ఆ ఇంకొకరు ఒడిశా కుర్రాడు, నా మూడో గిన్నెలో పల్లీలు రోజూ తిన్నవాడు. "అన్నా, మా ఊరు ఎక్కడికీ పోదు, మీ మంచు కరిగిపోతుంది" అని తన సెలవు మార్చుకున్నాడు.

జనవరి చివర్లో మంచు పడింది. ఫిబ్రవరి 21 నుంచి 25 దాకా అక్కడ ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరిగాయి. ఆ సందడి ముగిశాక మేం చేరాం. మేం అనే అంటున్నాను, ఎందుకంటే బయటి తిండికి ఖర్చు వద్దని అమ్మ నన్ను కూడా కట్టింది. కడక్ రొట్టెలు, పల్లి పొడి, పుంటికూర తొక్కు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి జమ్మూ, ఆపైన షేర్ బండి. బనిహాల్-ఖాజీగుండ్ సొరంగం ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఉంటుంది. దాన్ని తవ్వింది హైదరాబాద్ కంపెనీ నవయుగ అని తెలిసి, మా ఆయన డ్రైవర్‌కు రెండుసార్లు చెప్పాడు. తంగ్‌మార్గ్ దగ్గర టైర్లకు గొలుసులు కట్టారు. అక్కడి నుంచి పైకి పదమూడు కిలోమీటర్లు.

గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. నా ఒంటికి తెలిసింది చెబుతాను. నా కొక్కేలు బిగుసుకుపోయాయి. తడి వేలితో ముట్టుకుంటే వేలు అంటుకుంది. తొక్కు మీద తేలే పల్లీ నూనె తెల్లగా గడ్డకట్టింది, ఆయన గిన్నెను చంకలో పెట్టుకుని కరిగించి తిన్నాడు. పక్కనున్న కశ్మీరీ గురువు ఫేరన్ లోపలి నుంచి నిప్పుల కాంగ్డీ తీసి నా కింద పెట్టాడు. పుంటికూర రుచి చూసి కళ్లు మూసుకున్నాడు, మళ్లీ చేయి చాచాడు.

కొత్తవాళ్లు నేర్చుకునేది గోల్ఫ్ మైదానం మీద. ఎండాకాలం పచ్చిక, చలికాలం మంచు. స్కీల ముందు కొనలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి జారితే వేగం తగ్గుతుంది, దాన్ని స్నోప్లౌ అంటారు. మా ఆయన మొదట్లో జారిందానికంటే పడిందే ఎక్కువ. పొద్దుటిపూట మంచు రాత్రి గడ్డకట్టి గాజులా ఉంటుంది, స్కీ పక్కకు కొట్టుకుపోయేది.

ఒక సాయంత్రం స్కీని ఒళ్లో పెట్టుకుని దాని అంచు చూశాడు. స్కీ అడుగున రెండు వైపులా సన్నటి స్టీలు పట్టీ ఉంటుంది, మలుపు తిప్పేటప్పుడు మంచును పట్టుకునేది అదే. గోరును అంచు మీద అడ్డంగా లాగాడు. మిషను మీద చేసిన ప్రతి భాగాన్నీ ఆయన అట్లాగే చూస్తాడు. అంచు పదునుగా ఉంటే గోరు పొడి రాలుతుంది, మొద్దుబారితే గోరు జారిపోతుంది, బర్, అంటే అంచు మీద లేచిన సన్నటి లోహపు ముక్క, ఉంటే తగులుకుంటుంది. గోరు జారిపోయింది. రాళ్లు తగిలి కొన్నిచోట్ల బర్ లేచింది కూడా. ఆకురాయి ఉందా అని గురువును అడిగాడు. ముందు కొన నుంచి వెనక్కి ఒకే దిక్కులో, ఒకే ఒత్తిడితో, తొంభై డిగ్రీలకు కాస్త తక్కువ కోణంలో రాశాడు. చివర్లో బర్ తీశాడు. అది స్టెయిన్‌లెస్ కాదు, తడి ఉంటే రాత్రికి రాత్రే తుప్పు పడుతుందని పొడి గుడ్డతో తుడిచాడు. గురువు ఆ అంచును వెలుతురుకు పెట్టి చూసి, ఏం పని చేస్తావు అని అడిగాడు. అంతవరకు ఎవరూ అడగలేదు. పటాన్‌చెరు, మందులు, 316ఎల్, అన్నీ చెప్పాడు. తర్వాత బ్యాచిలో అందరి స్కీలూ ఆయన ముందుకు వచ్చాయి.

మర్నాడు పొద్దున అదే గాజు మంచు మీద ఎడమకు ఒక మలుపు, కుడికి ఒక మలుపు, పడకుండా దిగి బెంచీ మీదున్న నా దాకా వచ్చి ఆగాడు. ఆయన ముఖం అంత తేటగా ఉండటం పాప పుట్టిన రోజు తర్వాత నేను చూసింది అప్పుడే.

మాట ప్రకారం మరుసటి ఏటి సెలవులు అమ్మవి. సముద్రం చూడాలన్నది. రామేశ్వరం పోయాం, నాలో పులిహోర. పుట్టింటి పండగకు కూడా ఉన్నారు. ఆయన చాయ్ మళ్లీ తాగుతున్నాడు, రోజుకు ఒకటి. బిర్యానీ నెలకొకసారి, ముగ్గురికీ కలిపి.

ఇప్పుడు ఆయన వంతు. పాప తన పుట్టినరోజు పైసలు తెచ్చి, నాకూ నేర్పించు నాన్నా అని చేతిలో పెట్టింది. ఆయన తీసుకోలేదు. మానుకునేది నేను, నువ్వు కాదు, ఊరికే రా అన్నాడు. అమ్మ మాత్రం జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బుతో విడిగా తన పేరు మీద ఒక చిట్టీ వేసింది. ఎందుకని ఆయన అడిగితే, "నువ్వు మంచు, పాప మంచు, నేను ఇంట్ల కూసుండాల్నా?" అన్నది. ఆఖరి చిట్టీ కావాలని ఆమె కూడా ముందే చెప్పింది.