సున్నా చుట్టే విద్య

ఒరేయ్ అల్లుడూ,

అక్క ఫోన్ చేసింది. సిమెంటు కంపెనీలో నిన్ను నెట్ జీరో హెడ్ చేశారట, సంతోషం. "జీరోకి హెడ్డేమిట్రా, వీడికి ప్రమోషన్ ఇచ్చారా, పక్కన పెట్టారా?" అని ఆవిడ బెంగ. ఎలాగో సర్దిచెప్పాను. నీకు మాత్రం నాలుగు ముక్కలు రాయాలనిపించింది. మీ తాత పిడుగురాళ్లలో సున్నపు బట్టీ కాల్చాడు. నేను ముప్ఫై నాలుగేళ్లు సిమెంటు కిల్న్ కాల్చాను. నువ్వు ఏమీ కాల్చకుండా స్లైడ్లు వేస్తావు. సున్నం నుంచి సున్నాకి రావడానికి మనకి మూడు తరాలు పట్టింది. ఈ విద్యలో కిటుకులు చెప్తాను, రాసుకో.

ముందు అసలు గుట్టు. విని మరిచిపో. 100 కిలోల మేలైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడై గాల్లో కలుస్తాయి. అది బొగ్గు పొగ కాదు, రాయి కడుపులో ఉన్నదే. పొయ్యిలో బొగ్గు మానేసి కర్పూరం వెలిగించినా అది వచ్చి తీరుతుంది. సిమెంటు తయారీలో వచ్చే కార్బన్‌లో దాదాపు 60 శాతం ఈ రాయిదే. కిల్న్‌లో 1,450 డిగ్రీల వేడి పుట్టించే ఇంధనానిది మరో 30 శాతం. మిల్లులు తిప్పే కరెంటుది ఓ పదోవంతు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం ఈ ఒక్క పరిశ్రమదే. బోర్డు మీటింగులో ఈ అంకెలు ఎవరూ అడగరు. వాళ్లు అడక్కపోవడం మీదే నీ ఉద్యోగం నిలబడి ఉంది.

1. గడువు దూరంగా పెట్టు

2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని 2070కల్లా దేశం నెట్ జీరోకి, అంటే వదిలే కార్బన్‌కీ వెనక్కి తీసే కార్బన్‌కీ చెల్లయ్యే స్థితికి, చేరుతుందన్నారు. అంత గడువు అడిగే న్యాయం దేశానికి ఉంది. మనవాళ్ల తలసరి ఉద్గారం ప్రపంచ సగటులో సగం కూడా లేదు మరి. ఆ న్యాయాన్ని మెల్లిగా కంపెనీ పేరు మీదకి మార్చుకో, పేదవాడి పేరు చెప్పి పెద్దమనిషి రేషన్ కార్డు పుట్టించినట్టు. దేశం కంటే ముందున్నామని అనిపించుకోవాలి కాబట్టి మీరు 2050 వేసుకోండి. అప్పటికి ఛైర్మన్ ఉండడు, నువ్వు రిటైరై మనవణ్ణి ఆడిస్తుంటావు. 2027కి ఇంత, 2030కి ఇంత అని మధ్యలో మెట్లు మాత్రం కట్టకు. మెట్లుంటే ఎవడో ఒకడు ఎక్కి చూస్తాడు.

2. టన్నుకి ఎంతో చెప్పు, మొత్తం ఎంతో చెప్పకు

ఇది మహా మంత్రం. ఏటా 10 లక్షల టన్నుల సిమెంటు చేస్తూ టన్నుకి 650 కిలోల కార్బన్ వదిలావనుకో, మొత్తం 6.5 లక్షల టన్నులు. తర్వాత రెండో లైను వేశారు. ఉత్పత్తి 15 లక్షల టన్నులైంది, టన్నుకి కార్బన్ 600 కిలోలకి దిగింది. మొత్తం 9 లక్షల టన్నులు. గాలికి తెలిసింది రెండున్నర లక్షల టన్నులు పెరగడం. నువ్వు రాయవలసింది "దాదాపు 8 శాతం తగ్గింపు" అని. రెండూ నిజమే కదా!

ప్రభుత్వం అడిగేదీ టన్ను లెక్కే. కార్బన్ క్రెడిట్ల వ్యాపారం కోసం 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం లాంటి పరిశ్రమల్లో ఒక్కో ఫ్యాక్టరీకి ఇంత అని లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం కంటే తగ్గించినవాడికి క్రెడిట్లు వస్తాయి, దాటినవాడు కొనుక్కోవాలి. పద్ధతి మంచిదే, లక్ష్యం బిగువుగా ఉన్నంతకాలం. అందుకని పరిశ్రమ సంఘం తరఫున ఏటా ఒక వినతిపత్రం పంపుతూ ఉండు. లక్ష్యం పైజమా బొందులాంటిది. భోజనానికి ముందే వదులు చేయించుకోవాలి.

3. పదోవంతుకి పెద్ద ఫొటో

సోలార్ పెట్టు, తప్పకుండా పెట్టు. టన్ను సిమెంటుకి 80 నుంచి 100 యూనిట్ల కరెంటు పడుతుంది. మొత్తం పాపంలో దాని వాటా పదోవంతేనని చెప్పాను కదా. అందులో పావు వంతు సోలార్‌కి మార్చినా వందలో రెండున్నర తగ్గుతుంది. నివేదిక అట్ట మీద మాత్రం నిండా ప్యానెళ్లే కనిపించాలి. ఫొటోలో చిమ్నీ పడకుండా చూడమని కెమెరా కుర్రాడికి ముందే చెప్పు.

ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే వచ్చింది. ఇప్పుడు పగటి పూట ఎండ కరెంటు కొనడం నిఖార్సైన బేరం. డబ్బు మిగులుతుంది కాబట్టి పెడుతున్నామని మాత్రం అనకు. భూమాత కోసం త్యాగం చేస్తున్నామని చెప్పు. లాభాన్ని త్యాగంలా చెప్పుకునే అవకాశం వ్యాపారంలో మళ్లీ మళ్లీ రాదు.

4. జూన్ 5న మొక్క, జూన్ 6న మేక

పర్యావరణ దినం రోజున మొక్కలు నాటడం మానకు. కూడికలు, భాగహారాలు మాత్రం ఆ రోజుకి సెలవు. ఎందుకంటే చెప్తాను. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది సుమారు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్. 6.5 లక్షల టన్నులంటే 65 కోట్ల కిలోలు. ఇరవైతో భాగిస్తే 3 కోట్ల 25 లక్షల చెట్లు. అదీ ఒక్క మొక్కా చావకుండా పెరిగి మాను కట్టాక. పల్నాడులో పత్తి, మిరప, వరి అన్నీ పీకేసి నాటమని రైతుని అడుగుతావా?

జాతి ఎంపికలోనూ తెలివి చూపించు. నీడనిచ్చే వేప, కానుగ వద్దు, ఎదగడానికి ఏళ్లు పడతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోడ్ల మధ్య కోనోకార్పస్ ఎందుకు అంతలా నాటారనుకున్నావు? ఏడాదిలో పచ్చగా గోడ కట్టింది. పుప్పొడి, వేళ్లు అంటూ గొడవ మొదలై కొట్టేయాల్సి వచ్చింది, అది తర్వాతి సంగతి. అప్పటికి ఫొటోలు తీసేశారు.

5. స్కోపుల మడి

మీ ఆఫీసులో ఒకటి, రెండు, మూడు అంటూ స్కోపులంటారు, కంగారుపడకు. ఒకటి మన పొయ్యి పొగ. రెండు మనం కొన్న కరెంటు వెనక పొగ. మూడు మన సరుకు తెచ్చేవాడు, మోసేవాడు, వాడేవాడు వదిలే పొగ. కాబట్టి సొంత లారీలు అమ్మేసి కాంట్రాక్టరు లారీలు పెట్టు. అదే డ్రైవరు, అదే డీజిలు, అదే మాచర్ల రోడ్డు. కానీ ఆ పొగ ఒకటో స్కోపులోంచి లేచి మూడో స్కోపులో కూర్చుంటుంది. సెబీ 2022-23 నుంచి టాప్ 1,000 లిస్టెడ్ కంపెనీలకి వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక తప్పనిసరి చేసింది కాబట్టి నీకు పని బాగానే ఉంటుంది. మడి కట్టుకున్నవాళ్లు అంటుగిన్నెలు పక్కింటి వాకిట్లో పెట్టినట్టు పెట్టుకుంటూ పో.

6. రేపటి యంత్రం పేరు ఇవాళ జపించు

రాయిలోంచి వచ్చే ఆ 60 శాతం ఏం చేస్తారని ఎవరైనా గుచ్చి అడిగితే "కార్బన్ క్యాప్చర్" అను. మెల్లిగా, కళ్లు మూసుకుని అను. మధ్యప్రదేశ్‌లో వింధ్యాచల్ థర్మల్ స్టేషన్ దగ్గర 2022లో పొగలోంచి రోజుకి 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్లాంటు పెట్టారు. 500 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే రోజుకి వదిలేది సుమారు 10 వేల టన్నులు. ప్రయోగం ప్రయోగంగా మంచిదే, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలిగా. నువ్వు ప్రయోగాన్ని పరిష్కారం అని చదివి వినిపించు.

నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్లో 2025 జూన్‌లో నిజంగానే సిమెంటు ఫ్యాక్టరీకి ఈ యంత్రం తగిలించారు. ఏడాదికి 4 లక్షల టన్నులు, అంటే ఆ ఫ్యాక్టరీ ఉద్గారంలో సగం, పట్టి ఓడకెక్కించి సముద్రం అడుగున రాళ్లలోకి పంపుతున్నారు. దాని వెనక అక్కడి ప్రభుత్వం పోసిన సొమ్ము చాలా ఉంది. ఆ ఊరు చూసి రావడానికి బోర్డుని తీసుకెళ్లు. తిరిగొచ్చాక మనకి ఆ ఓడ ఎవరు కొంటారు, పైపు ఎవరు వేస్తారు, ఎక్కడ పాతిపెడతారు అని మాత్రం అడగనివ్వకు. అప్పడాలు బాగున్నాయని చెప్పి అన్నం వండటం మానేసినట్టు, ఆ యంత్రం వచ్చేదాకా ఇంకేమీ చేయనక్కర్లేదని ఒప్పించడమే నీ నేర్పు.

7. పొరపాటున కూడా చేయకూడనివి

ఇక అసలు ప్రమాదాలు. వీటి జోలికి వెళ్తే నిజంగానే తగ్గుతుంది, తర్వాత నన్ననవద్దు.

ఒకటి, క్లింకర్ తగ్గించడం. రాయి కాల్చేది క్లింకర్ కోసమే, కిల్న్‌లోంచి గడ్డలుగా వచ్చే ఆ సరుకుని పొడి చేస్తేనే సిమెంటు. అది ఎంత తక్కువ పడితే పాపం అంత తక్కువ. పీపీసీ అనే రకం సిమెంటులో 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద, కలపవచ్చని మన ప్రమాణాలే చెప్తున్నాయి, ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద మనకి కూతవేటు దూరం. స్లాగ్ సిమెంటులో అయితే కొలిమి చిట్టెం 70 శాతం దాకా పడుతుంది. బొగ్గు ప్లాంట్లు మూతపడితే బూడిద ఎక్కడిదంటావా? దానికీ మందు కనిపెట్టారు. స్విట్జర్లాండ్, క్యూబా పరిశోధకులతో కలిసి మన ఐఐటీలు ఎల్‌సీ3 అనే సిమెంటు మీద పనిచేశాయి. అందులో క్లింకర్ సగమే. మిగతాది కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి, కాస్త జిప్సం. బంకమట్టికి 800 డిగ్రీల వేడి చాలు, పైగా అది కార్బన్ డయాక్సైడ్ కక్కదు. మొత్తం మీద 40 శాతం దాకా ఆదా. "ఐఎస్ నంబరు లేదు కదండీ" అని తప్పించుకునేవాళ్లం, 2023లో అదీ వచ్చేసింది. నువ్వు ఆ నంబరు చూడనట్టే ఉండు.

రెండు, మేస్త్రీతో మాట్లాడటం. "స్లాబుకి 53 గ్రేడ్ ఓపీసీ, ప్లాస్టరింగ్‌కి పీపీసీ" అన్న మాట మేస్త్రీకి ఎవరు నేర్పారనుకున్నావు? మా సేల్స్ వాళ్లే. ఓపీసీ అంటే బూడిద కలపని, క్లింకర్ నిండుగా ఉన్న సిమెంటు. పీపీసీకి మొదటి వారాల్లో బలం నిదానంగా వస్తుంది, నీళ్లు సరిగ్గా కడితే తర్వాత అందుకుంటుంది. ఇంత చిన్న మాట డీలరు కొట్టు దగ్గర చెప్పడానికి పెద్ద ఖర్చవదు. కానీ ఓపీసీకి ఒక కమీషను, పీపీసీకి ఇంకో కమీషను. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం. అది అలాగే సాగనీ. ఇంకా ఘోరం, "ఈ స్లాబుకి ఇన్ని బస్తాలు అక్కర్లేదు, డిజైను సరిచేస్తే తక్కువతో సరిపోతుంది" అని మీ ఇంజినీర్లు చెప్పడం. సిమెంటు తక్కువ వాడమని సిమెంటు కంపెనీ చెప్పాలంటే దానికి వేరే ధైర్యం కావాలి.

మూడు, పత్తి కట్టె కొనడం. పల్నాడు రైతులు పత్తి తీత అయ్యాక కట్టె చేలోనే తగలబెడతారు. అదే కిల్న్‌కి తోలితే బొగ్గు కొంత తగ్గుతుంది. యూరప్ సిమెంటు కిల్న్‌లు సగం వేడికి పైగా చెత్త, వ్యర్థాల నుంచే తెచ్చుకుంటాయి. కానీ దీనికి ఊరూరా కొనుగోలు కేంద్రం, ముక్కలు కొట్టే యంత్రం, ట్రాక్టరు బాడుగ, తేమ లెక్క కావాలి. రైతుతో బేరం ఆడాలి. ఇవేవీ స్లైడులో అందంగా పడవు.

నాలుగు, చిమ్నీలోంచి వృథాగా పోయే వేడితో కరెంటు తీయడం. ఫ్యాక్టరీ అవసరంలో నాలుగోవంతు దాకా రావచ్చు. వేడి కళ్లెదురుగా పోతుంటే చేతులు కాచుకోవడం తప్ప ఇంకో పని చేయకు.

ఇంతకీ మీ తాత ఇల్లు గుర్తుందా? ఆ గానుగ సున్నం గోడలు? సున్నం గోడెక్కాక ఏళ్ల తరబడి గాల్లోంచి ఆ కార్బన్ డయాక్సైడ్‌నే పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. రాయి వదిలింది కొంత రాయికే చేరుతుంది. పొయ్యిలో బొగ్గు పొగ లెక్క వేరే అనుకో. నెట్ జీరో అన్న మాట ఆయన వినలేదు. కానీ రోజూ ఎంత రాయి కాల్చాడో, ఎంత బొగ్గు పట్టిందో బట్టీ గోడ మీద బొగ్గుముక్కతో రాసేవాడు. కూలీకీ కనబడేది, అప్పులవాడికీ కనబడేది. నష్టం వచ్చిన రోజు కూడా రాసేవాడు.

మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర "ప్రమాదం లేని రోజులు" అని బోర్డుంటుంది చూడు. దాని పక్కనే ఇంకో పలక కట్టి "నిన్న మన చిమ్నీ వదిలింది ఇన్ని టన్నులు" అని రోజూ సుద్దముక్కతో రాశావంటే, షిఫ్టు మారేవాళ్లంతా చదువుతారు. వారం తిరక్కుండా ఎవరో ఒక ఫిట్టరు "నిన్నెందుకండీ పెరిగింది?" అని అడుగుతాడు. దానికి నీ దగ్గర జవాబుండాలి. అందుకని ఆ పని మాత్రం చేయకు.

ఈ ఉత్తరం చదివాక చించి పారెయ్. కాల్చకు. ఆ పొగ ఒకటో స్కోపులోకి వస్తుంది.

ఇట్లు,
మీ మావయ్య