తాతలు తాగిన నెయ్యి

ఉత్తర మాసిడోనియా దేశంలో ఉన్న జనమంతా కలిసినా హైదరాబాద్‌లో సగం కూడా ఉండరు. సముద్రం లేదు, చమురు లేదు. అయినా ఆ దేశం మంచిచెడ్డల మీద పొరుగువాళ్లు చూపించే శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. దక్షిణాన ఉన్న గ్రీసు పేరు మార్చుకోమంది, జెండా మార్చుకోమంది. తూర్పున ఉన్న బల్గేరియా, మీ భాష అసలు మా భాషేనంది.

1991లో యుగోస్లావియా నుంచి విడిపడి మాసిడోనియాగా మిగలడమే వీళ్లు చేసిన మొదటి నేరం. ఆ పేరుతో తనకో ప్రాంతం ఉందనీ, అలెగ్జాండర్ తనవాడేననీ, ఇవాళ పేరు పెట్టుకున్నవాళ్లు రేపు భూమి అడుగుతారనీ గ్రీసు పేచీ పెట్టింది. దాంతో 1993లో ఐక్యరాజ్య సమితిలో ‘ది ఫార్మర్ యుగోస్లావ్ రిపబ్లిక్ ఆఫ్ మాసిడోనియా’ అనే తాత్కాలిక నామధేయంతో చేర్చుకున్నారు. ఇక కుర్చీ ఎక్కడ వేయాలి? ‘ఎమ్’ వరుసలో వేస్తే గ్రీసుకి కోపం, ‘ఎఫ్’ వరుసలో వేస్తే వీళ్లకి అవమానం. పెద్దలు బుర్ర గోక్కుని, మొదట్లో ఉన్న ‘ది’ని పట్టుకుని ‘టి’ వరుసలో థాయిలాండ్ పక్కన కూర్చోబెట్టారు. మూడో ప్రపంచ యుద్ధం ఆ విధంగా తప్పింది.

జెండా కథ ఇంకో రకం. ఎర్రటి గుడ్డ మీద పదహారు కిరణాల సూర్యుణ్ణి వేసుకున్నారు. ఆ సూర్యుడు 1977లో మా వెర్గినాలో తవ్వకాల్లో బయటపడ్డాడు, మాకిచ్చేయండి అంది గ్రీసు. 1994లో సరిహద్దు మూసి సరుకు ఆపేసింది. రేవు లేని దేశం, సరుకు చాలావరకు గ్రీసు రేవు థెస్సలోనికి మీదుగానే రావాలి. ఏడాదిన్నర దాటాక దిగొచ్చి, 1995లో ఎనిమిది కిరణాల కొత్త సూర్యుణ్ణి ఎగరేశారు. సగం కిరణాలకు సగం శాంతి దొరికింది.

మిగతా సగం 2008లో బుకారెస్ట్‌లో తేలింది. నాటోలో చేరబోతుంటే గ్రీసు గడపలో అడ్డం పడుకుంది. అలా చేయడం జెండా మార్చినప్పుడు కుదిరిన ఒప్పందానికి విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2011లో 15-1తో చెప్పింది. ఆ తీర్పు ఫ్రేము కట్టించుకోవడానికి బాగా పనికొచ్చింది.

అప్పటి ప్రధాని నికోలా గ్రుయెవ్‌స్కీ కోర్టుల్ని నమ్ముకున్న మనిషి కాదు, కంచుని నమ్ముకున్నాడు. ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అనే సామెతను ఇంత ఖర్చుపెట్టి అమలుచేసిన ప్రభుత్వం చరిత్రలో మరొకటి ఉండకపోవచ్చు. విమానాశ్రయానికి అలెగ్జాండర్ పేరు, హైవేకి అలెగ్జాండర్ పేరు పెట్టాడు. 2010లో ‘స్కోప్యే 2014’ పథకం ప్రకటించారు. మరుసటేడు రాజధాని స్కోప్యే నడిబొడ్డున గుర్రం మీద, కత్తి ఎత్తి, అలెగ్జాండర్ వెలిశాడు. విగ్రహమే పధ్నాలుగున్నర మీటర్లు, దాని కింద దిమ్మె, చుట్టూ సింహాలు, ఫౌంటెను. అప్పట్లో అధికారికంగా మాత్రం అది అలెగ్జాండర్ కాదు, ‘గుర్రం మీద యోధుడు’. గ్రీసుకి తెలియకుండా ఉండాలని కాబోలు. ఎదురుగా ఆయన తండ్రి ఫిలిప్, దగ్గరలోనే తల్లి ఒలింపియాస్. వాటికి తోడు విజయతోరణం ఒకటి. ఏ యుద్ధంలో గెలిచారని అడక్కండి. 1963 భూకంపం తర్వాత కట్టిన కాంక్రీటు భవనాలకు గ్రీకు గుళ్ల తరహా స్తంభాలు తొడిగారు. వార్దర్ నదిలో కాంక్రీటు పునాదుల మీద ఓడలు కూడా కట్టారు. సముద్రం లేకపోతేనేం, ఓడలుంటే చాలదా. మొదట 8 కోట్ల యూరోలన్నారు. పత్రికలవాళ్లు లెక్క తీస్తే 50 కోట్లు దాటింది.

అదే ఊళ్లో 1910లో మదర్ థెరిసా పుట్టింది. ఆవిడ సేవంతా కలకత్తాలో జరిగింది కాబట్టి ఆవిడ ఎవరన్న సంగతి మనకి బాగానే తెలుసు. ఆవిడకీ ఓ స్మారక భవనం కట్టారు. కాకపోతే గుర్రం లేదు.

2015లో ప్రతిపక్ష నేత జోరాన్ జాయెవ్ టేపులు బయటపెట్టి, ప్రభుత్వం ఇరవై వేల మందికి పైగా ఫోన్లు దొంగచాటుగా విందన్నాడు. మరుసటేడు జనం నిరసనగా ఆ తోరణం మీదా విగ్రహాల మీదా రంగులు కొట్టారు. పథకం మొత్తంలో జనం సొంత ఖర్చుతో చేసిన అలంకారం అదొక్కటే. గ్రుయెవ్‌స్కీకి మాత్రం ఖరీదైన మెర్సిడెస్ కొనుగోలు కేసులో రెండేళ్ల జైలు పడింది. 2018లో ఆయన హంగరీ దౌత్య కార్యాలయ వాహన సాయంతో సరిహద్దులు దాటి బుడాపెస్ట్‌లో తేలాడు. శరణార్థులు రాకుండా ముళ్లకంచె కట్టిన ఓర్బాన్ ప్రభుత్వం ఆయనకి రోజుల్లోనే ఆశ్రయమిచ్చింది. కంచెకి వీఐపీ గేటు ఉంటుందని లోకానికి అప్పుడే తెలిసింది.

అదే ఏడు జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున, అప్పటికి ప్రధాని అయిన జాయెవ్, గ్రీసు ప్రధాని సిప్రాస్ రాజీపడ్డారు. ‘ఉత్తర’ చేర్చుకుంటే చాలు. రెఫరెండంలో 94 శాతం అవునన్నారు, కానీ ఓటేసినవాళ్లే 37 శాతం. అయినా 2019లో పేరు మారింది, 2020లో నాటో తలుపు తెరుచుకుంది. అమ్మయ్య అనుకున్న ఏడాదే యూరోపియన్ యూనియన్ చర్చలకు బల్గేరియా అడ్డం తిరిగింది. భాషతో పాటు గోత్సె దెల్చెవ్ అనే విప్లవకారుడి మీద కూడా తగాదా. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు గ్రీసులో ఉంది, అస్థికలు సోఫియాలో ఉండి 1946లో స్కోప్యేకి వచ్చాయి. చచ్చి వందేళ్లు దాటినా ఆయనకి పౌరసత్వం తేలలేదు. రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేరిస్తే ముందుకెళ్దాం అంది యూనియన్ 2022లో. 2024లో కొత్త అధ్యక్షురాలు ప్రమాణస్వీకారంలో దేశాన్ని ‘మాసిడోనియా’ అంది, గ్రీసు రాయబారి లేచి వెళ్లిపోయింది. మళ్లీ మొదటికి.

ఈలోగా జనం తమ చిక్కు తామే విప్పుకున్నారు. పదుల వేల మంది బల్గేరియా పౌరసత్వం తీసుకుని, ఆ పాస్‌పోర్టుతో యూరప్‌లో పనులకు వెళ్లిపోయారు. 2002లో 20 లక్షల పైచిలుకున్న జనాభా, 2021 లెక్కలకి 18 లక్షల 36 వేలయింది. మిగిలినవాళ్లు చలికాలంలో స్కోప్యే పొగ పీలుస్తున్నారు.

2021 సెప్టెంబర్ 8న స్వాతంత్ర్యానికి ముప్పై ఏళ్లు నిండిన రాత్రి తెతోవోలో కోవిడ్ ఆసుపత్రి కాలి 14 మంది చనిపోయారు. 2025 మార్చి 16న కొచానీలో నైట్‌క్లబ్బు తగలబడి, ఎక్కువగా కుర్రకారే, 59 మంది ఆ రాత్రే పోయారు. క్లబ్బు లైసెన్సు అక్రమమని, లంచం మీద అనుమానాలున్నాయని ప్రభుత్వమే చెప్పింది. పొరుగువాళ్ల మీద ఆ దేశానికి న్యాయమైన ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. కానీ ఆ లైసెన్సు మీద సంతకం ఏథెన్సులో పడలేదు, సోఫియాలోనూ పడలేదు. స్కోప్యేలో పడింది.