గూడ్సు బండికి దారి వదలండి

రైలు షరతు మీద కుదిరిన దేశం కెనడా. 1871లో బ్రిటిష్ కొలంబియావాళ్లు సమాఖ్యలో చేరేటప్పుడు పదేళ్లలో మా దాకా పట్టాలు వేసి తీరాలన్నారు. సరేనన్నారు. పదేళ్లు కాస్తా పధ్నాలుగయ్యాయి. 1885 నవంబరు 7న క్రెగెలాకీ అనే చోట తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన ఆఖరి మేకు కొట్టి ఫొటో దిగాడు. కొండలు తొలిచి లైను వేసిన వేలాది చైనా కూలీల్లో ఒక్కడూ ఆ ఫొటోలో లేడు. అంటే దేశాన్ని కలిపిన తొలి బండే నాలుగేళ్లు లేటు. ఆ పునాది మీద ఇన్నేళ్లుగా నిలబడ్డవాళ్లను ఇప్పుడు అరగంట లేటయిందని తప్పుపట్టడం మర్యాద కాదు.

టొరంటో నుంచి వాంకూవర్ వెళ్లే ‘ది కెనడియన్’ సంగతే తీసుకోండి. దూరం 4,466 కిలోమీటర్లు. ఆ పేరుతో బండి మొదలైంది 1955లో. అప్పుడు మూడు రాత్రుళ్ల ప్రయాణం. ఇప్పుడు టైమ్‌టేబుల్లోనే నాలుగు రాత్రుళ్లు. పెట్టెలు మాత్రం అవే, ఆనాటి స్టెయిన్‌లెస్ స్టీలువే. డెబ్బై ఏళ్ల సాంకేతిక ప్రగతినంతా కూడగట్టి అవే పెట్టెలను ఒక రాత్రి ఆలస్యంగా చేర్చడం మాటలు కాదు. టొరంటో–మాంట్రియల్ మధ్య 1968లో టర్బో రైలని ఒకటి వేశారు. పత్రికలవాళ్లను ఎక్కించుకుని ఆర్భాటంగా బయల్దేరితే కింగ్‌స్టన్ దగ్గర లెవెల్ క్రాసింగులో మాంసం లారీని గుద్దింది. అయినా ఆ బండి బాగుపడి, నాలుగు గంటల చిల్లరలో మాంట్రియల్ చేర్చిన రోజులున్నాయి. ఇప్పుడు అదే దూరం ఐదు గంటల పైమాటే.

మా బాబాయ్ తుని వైపు స్టేషన్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఫోన్లో ఎప్పుడు దొరికినా కెనడా రైళ్ల గురించే అడుగుతాడు.

“ఏరా, మీ దగ్గర సింగిల్ లైనా, డబుల్ లైనా?”

“పెద్ద ఊళ్లు దాటితే చాలావరకు సింగిలే బాబాయ్.”

“మరి ఎదురుగా గూడ్సొస్తే?”

“లూపులో పెట్టి ఆపేస్తారు.”

“గూడ్సునేగా?”

“కాదు బాబాయ్, మనుషుల బండిని.”

కాసేపు అవతల నుంచి మాట లేదు. తర్వాత, “అదే పని నేను చేసుంటే మా డీఆర్ఎం చార్జిషీటు ఇచ్చుండేవాడు రా” అన్నాడు. గూడ్సును లూపులో పెట్టొచ్చు కదా అన్నాడు. పట్టదు, ఇక్కడి గూడ్సులు మూడు కిలోమీటర్ల దాకా ఉంటాయి, లూపు అంతకంటే పొట్టిదన్నాను. లూపు పొడిగించొచ్చు కదా అన్నాడు. పట్టాలు గూడ్సువాళ్లవి, మన కోసం వాళ్లెందుకు పొడిగిస్తారన్నాను. “మరి మనుషుల బండివాళ్లకు పట్టాల్లేవా?” అని అడిగాడు. ఉన్నాయి, నడిచే దారిలో నూటికి మూడు వంతులు.

ఇది అన్నదమ్ముల పంపకాల కథ. ఒకప్పుడు మనుషులనూ సరుకునూ ఒకే ఇంటివాళ్లు మోసేవారు. 1977–78లో మనుషుల బండ్లను విడదీసి వీయా రైల్ అని వేరు కాపురం పెట్టించారు. అన్నగారు కెనడియన్ నేషనల్ పొలం, గట్టు, దారి తన వాటాకు ఉంచుకుని, తమ్ముడికి ముసలి ఎడ్లనూ బండినీ ఇచ్చి పంపాడు. నా దారిన పోతే అద్దె కట్టు, నా బండి ఎదురైతే పక్కకు దిగు అన్నాడు. 1990 జనవరిలో సర్కారువారు తమ్ముడి బండ్లలో దాదాపు సగం ఒక్క దెబ్బకు రద్దు చేశారు. 1995లో అన్నగారిని, ఆ దారితో సహా, షేర్ మార్కెట్లో అమ్మేశారు. ప్రజల డబ్బుతో వేసిన దారి, ఇప్పుడు ప్రజలే అద్దె కట్టి, అడుక్కుని నడవాల్సిన దారి. పక్కనున్న అమెరికాలో ప్రయాణికుల బండికే ముందు దారి ఇవ్వాలని 1973 నుంచి చట్టమైనా ఉంది, అమలు ఎలా ఉన్నా. ఇక్కడ 2023 చివర్లో ఒక ఎంపీ అలాంటి బిల్లే పెట్టారు. ఎన్నికలొచ్చాయి, పార్లమెంటుతో పాటే బిల్లూ పోయింది.

తమ్ముడు ఈ మధ్య అప్పో సొప్పో చేసి సీమెన్స్ కంపెనీ దగ్గర కొత్త బండ్లు కొన్నాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. 2024 అక్టోబరులో అన్నగారు అభ్యంతరం చెప్పారు. నీ బండికి ఇరుసులు 24, కనీసం 32 ఉంటే గానీ మా లెవెల్ క్రాసింగు గేట్లు బండి వస్తున్నట్టు కచ్చితంగా పసిగడతాయన్న నమ్మకం లేదు, కాబట్టి గేటు వచ్చినప్పుడల్లా నెమ్మదించి, అది పడిందో లేదో చూసుకుని వెళ్లు అని. వేగంగా పోవడానికి కొన్న బండి గేటు గేటుకూ తలవంచి పోతోంది. వ్యవహారం కోర్టుకెక్కింది. బండి కంటే వాయిదాలే వేగంగా నడుస్తాయేమో చూడాలి.

అలాగని కెనడాలో హైస్పీడు రైలు లేదనుకోకండి. కాగితం మీద అది ఎప్పుడో బయల్దేరింది. 1995లో ఒక అధ్యయనం. 2011లో ఇంకొకటి. 2017లో టొరంటో–విండ్సర్ మధ్య ఒకటి ప్రకటించారు, 2019లో కొత్త ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. 2025 ఫిబ్రవరిలో, దిగిపోతున్నానని అప్పటికే చెప్పేసిన ప్రధాని ట్రూడో ‘ఆల్టో’ను ప్రకటించారు. టొరంటో నుంచి క్విబెక్ సిటీ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు, గంటకు 300 కిలోమీటర్లు. మాంట్రియల్‌కు మూడు గంటలట. దీని రూపకల్పనకే ఆరేళ్లలో 390 కోట్ల డాలర్లు. పని దక్కించుకున్న బృందంలో ఎయిర్ కెనడా కూడా ఉంది. అంతకంటే తెలివైన ఎంపిక ఉండదు. మూడు గంటల్లో మాంట్రియల్ చేర్చే రైలొస్తే ఎవరి సీట్లు ఖాళీ అవుతాయో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

నిజానికి ఈ ఆల్టోలో నాకు నచ్చింది వేగం కాదు, సొంత పట్టాలు. మాంట్రియల్లో 2023లో మొదలైన రెమ్ రైళ్లు డ్రైవరు లేకుండా, కొన్ని నిమిషాలకొకటి తిరుగుతున్నాయంటే కారణం అదే. ఆ లైనులో గూడ్సు ఎదురురాదు. రెమ్ వేసిన పింఛను నిధి సంస్థ ఆల్టోలోనూ ఉందన్నదొక్కటే నా ఆశ. ఇది వ్యంగ్యం కాదు, పొరపాటున నిజమే రాశాను.

మిగతా చోట్ల ప్రజారవాణా సమస్యను మూలంలోనే పరిష్కరించారు. కాల్గరీ, ఎడ్మంటన్ మధ్య 300 కిలోమీటర్లు, 1985 నుంచి రైలే లేదు కనుక లేటయ్యే ప్రసక్తి లేదు. సస్కాచివాన్ 2017లో ప్రభుత్వ బస్సు సంస్థనే మూసేసింది. 2021లో గ్రేహౌండ్ దేశమంతా బస్సులు ఎత్తేసింది. కొత్తగా దిగిన మన పిల్లలు బ్రాంప్టన్‌లో కారు లేక ఉద్యోగానికి పోలేరు, ఉద్యోగం లేక కారు కొనలేరు. టొరంటోలో ఎగ్లింటన్ రైలు లైను 19 కిలోమీటర్లు. 2011లో తవ్వడం మొదలుపెట్టి 2020లో తెరుస్తామన్నారు. 2025 క్యాలెండరు ఆఖరి కాగితం చింపేదాకా తెరవలేదు. ఈలోగా అంటారియో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ 401 హైవే కింద 50 కిలోమీటర్లకు పైగా కార్ల కోసం సొరంగం తవ్వుదామన్నారు. ఆశావాదం అంటే అదీ.

2024 ఆగస్టు 22న రెండు పెద్ద రైలు కంపెనీలు లాకౌట్ ప్రకటించాయి. దేశమంతా గూడ్సులు ఆగిపోయాయి. సాయంత్రం కాకముందే కేంద్రమంత్రి రంగంలోకి దిగి, మధ్యవర్తి తీర్పుకు కట్టుబడి బండ్లు కదిలించాల్సిందేనని తేల్చేశారు. సరిగ్గా 9 రోజులకు, ఆగస్టు 31న, క్విబెక్ సిటీకి పోయే మనుషుల బండి ఒకటి దారిలో చెడిపోయి సుమారు 10 గంటలు నిలిచింది. లోపలున్నవాళ్లకు క్షమాపణలు అందాయి.

అందుకని నాదొక మనవి. కొత్త చట్టాలూ కొత్త పట్టాలూ వచ్చేదాకా ప్రయాణికులను సరుకు కింద బుక్ చేసుకోవాలి. మనిషికొక వే బిల్లు, మెడలో ఒక సీలు. గోధుమలకూ పొటాష్‌కూ మధ్య ఒక కంటెయినర్లో కూర్చుంటాం, కిటికీ కూడా అడగం. ఇరుసుల బెంగ ఉండదు, లూపులో నిలబడే పని ఉండదు. మధ్యలో ఆగితే మంత్రిగారే పరిగెత్తుకొస్తారు. ఫారంలో ‘సరుకు రకం’ అన్న చోట ‘త్వరగా పాడైపోయేది’ అని రాయండి. అబద్ధమేమీ కాదు.