ఏ ఊరు బాబూ నీది?

మా రోజుల్లో వైరాలో కొత్తమనిషి అరుగెక్కితే ముందు చెంబుతో నీళ్లు, తర్వాత ఒకటే ప్రశ్న: "ఏ ఊరు నీది?" ధాన్యం కల్లాల్లో ఉండగానే గంగిరెద్దులోళ్లు, బుడబుక్కలోళ్లు, పగటివేషాలోళ్లు దిగేవాళ్లు. మా అమ్మ చేటతో వడ్లు పోస్తూ వాళ్ల పిల్లల పెళ్లిళ్ల సంగతి అడిగేది. మరుసటేడు వాళ్లొచ్చి మా సంగతులు అడిగేవాళ్లు.

భయం లేదనను. రజాకార్ల కాలంలో, సాయుధ పోరాటం నడిచినన్నాళ్లూ రాత్రిపూట తలుపు చప్పుడైతే ఊపిరి బిగబట్టేవాళ్లమని మా నాయన చెప్పేవాడు. వచ్చింది దళం మనిషో, పోలీసుల వేగో తెలిసేది కాదట. ఆ "ఏ ఊరు"లో కులం ఆరా కూడా ఉండేది. ఎవరు అరుగెక్కాలో, ఎవరు వాకిట్లోనే ఆగాలో దాంతోనే తేల్చేవాళ్లు. అది తప్పే. అయినా అడిగేవాళ్లం, వాళ్ల నోటి మాట వినేవాళ్లం.

ఇప్పుడు అడిగేవాడే లేడు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బిచ్చమెత్తుకోవడానికొచ్చిన ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో నాథ్ గోసావి సంచారజాతి మనుషులు అయిదుగురు అలాగే పోయారు. మా కల్లాలకొచ్చిన గంగిరెద్దులోళ్లలాంటి వాళ్లే వాళ్లు. గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా పాటలు పాడించి, పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. అలాంటి పని ప్రతి జిల్లాలో జరగాల్సింది.

ఆ వేసవిలోనే మా వీధి మలుపులో కుర్రాళ్లు ఒకణ్ణి గోడకు నిలబెట్టారు. మాసిన చొక్కా, చంకలో మూట. ఆధార్ చూపించమంటున్నారు, ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నారు. ఆ మనిషికి తెలుగు రాదు. నాకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలతో ఊరడిగాను. ఛత్తీస్‌గఢ్. మిర్చి ఏరడానికొచ్చిన కూలీ. పని ఎప్పుడో అయిపోయింది, రావాల్సిన కూలిడబ్బుల కోసం ఆగాడు. మూట విప్పితే ఒక దుప్పటి, సత్తు గిన్నె, కూతురికి కొన్న ప్లాస్టిక్ గాజులు.

"తాతా, మాకేం తెలుసు?" అన్నాడొకడు.

"అడిగితే తెలిసేది కదరా!"

ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టి, సాయంత్రం కొత్తగూడెం బస్సెక్కించాను. ఫోటో మాత్రం అప్పటికే నాలుగు గ్రూపుల్లోకి పోయిందట. అతను బస్సు దిగేసరికి అక్కడెవరి ఫోన్లో ఉంటుందోనని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.