కట్టెలూ కరివేపాకూ

బొమ్మలు లేని వీడియో గేమ్ ఒకటుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. దాని పేరు ‘ఎ డార్క్ రూమ్’. కెనడాలోని ఒటావాకు చెందిన మైకేల్ టౌన్‌సెండ్ 2013లో తయారు చేశాడు. డౌన్‌లోడ్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బ్రౌజర్‌లో తెరిస్తే తెల్లటి పేజీ వస్తుంది. గది గడ్డకట్టే చలిగా ఉందనీ, మంట చల్లారిపోయిందనీ ఓ మూల రెండు ముక్కలుంటాయి. నిప్పు రాజెయ్యడానికి ఒకే ఒక్క బటన్. అంతకుమించి ఏమీ లేదు.

నొక్కితే మంట అంటుకుంటుంది. అదీ మాటల్లోనే. పైన ట్యాబ్ మీద ‘చీకటి గది’ అన్న పేరు కాస్తా ‘మంట వెలుగు గది’గా మారిపోతుంది. నేను పుల్లలు ఎగదోసుకుంటూ కూర్చున్నాను. వెనక నుంచి మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చి నిలబడింది.

“ఏం చేస్తున్నావురా?”

“పొయ్యి రాజేస్తున్నానమ్మా.”

“పుల్లల పొయ్యి ఊదీ ఊదీ నా కళ్లు పోయాయి. గ్యాసొచ్చింది, బతికాం అనుకుంటే, నువ్వు పనిగట్టుకుని కంప్యూటర్లో రాజేస్తున్నావా?”

ఇంతలో ఆటలో ఒకావిడ చింపిరి బట్టలతో తలుపు తోసుకొచ్చి మూల కూలబడింది. ఈ సంగతి పైకి చదివాను. చదవకుండా ఉండాల్సింది.

“ఎవరావిడ?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

“తెలీదు. చలికి వణుకుతోంది పాపం.”

“తెలియని ఆవిడకి చలిమంటలా! నాకు వేణ్ణీళ్లు కాచి ఇమ్మంటే మాత్రం గీజరుందిగా అంటారు.”

ఆటలో వచ్చినావిడ ఉత్త చేతులతో రాలేదు. ఒళ్లు వెచ్చబడగానే ఉచ్చులు, బండి, గుడిసెలు కట్టిపెడతానంది. కలప మాత్రం మనం తేవాలి. మొదట్లో అడవికి వెళ్లిన ప్రతిసారీ పది కట్టెలు దొరుకుతాయి. మళ్లీ వెళ్లాలంటే ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషం పాటు బటన్ మీది పట్టీ తరిగిపోవడం చూస్తూ కూర్చోవాలి. నేను రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను. “వీధి చివరికెళ్లి కరివేపాకు తెమ్మంటే మోకాళ్ల నొప్పులు. కట్టెలకి మాత్రం అడవికెళ్తారు” అని వంటింట్లోంచి వినబడింది.

ఈ ఆట కిటుకంతా ఒక్కటే. ముందుగా ఏదీ చెప్పదు. ఒక్కో బటనూ చేతికిస్తుంది, చేతికొచ్చాక గానీ దాని అవసరం ఉన్నట్టు మనకి తెలియదు. మొదటి గుడిసెకి వంద కట్టెలు, గుడిసెకి నలుగురు మనుషులు. రాత్రివేళ ఎవరో తెలియనివాళ్లు వచ్చి చేరతారు. ఒకర్ని కట్టెలకీ ఇంకొకర్ని వేటకీ పంపొచ్చు. ఎవరూ జీతం అడగరు, సెలవు పెట్టరు. చలికి వణుకుతూ మొదలైన నేను వారం తిరక్కుండానే కాలు మీద కాలేసుకుని, వేటకి ఇద్దర్ని తగ్గించి తోళ్ల పనికి మళ్లించే జమీందారునయ్యాను. ఓ బిచ్చగాడు వచ్చి, చలికి తట్టుకోలేకపోతున్నాను, కాసిని తోళ్లిప్పించండని అడిగాడు. నిల్వ ఎంతుందో లెక్క చూసుకుని పొమ్మన్నాను. వెనక నిలబడి మా అమ్మ ఇదంతా చూసింది. “మీ తాత బుద్ధులే” అంది.

దిక్సూచి కొన్నాక అసలు సంచారం మొదలవుతుంది. మ్యాప్ నిండా చుక్కలు, కామాలు, సెమికోలన్లు. సెమికోలనంటే అడవి, కామా అంటే మైదానం. వాటి మధ్య ఈమెయిల్ అడ్రసులో ఉండే ‘ఎట్’ గుర్తు. అదే నేను. తోలుతిత్తి లేకపోతే మొదట పది గుక్కల నీళ్లే ఉంటాయి, అడుగుకో గుక్క అయిపోతుంది. అయిదడుగులు వెళ్లి అయిదడుగులు వెనక్కి రావాలని ఒకటో తరగతి పిల్లాడైనా చెబుతాడు. కానీ ఆరో అడుగు దగ్గర ‘వి’ అన్న అక్షరం కనిపిస్తుంది. అది గుహ. లోపలికెళ్లాలంటే కాగడా ఉండాలి. అంత దూరం వెళ్లి అక్షరాన్ని పలకరించకుండా వచ్చేవాళ్లెవరు? దాహంతో పడిపోతే మళ్లీ ఊళ్లోనే తేలతాం. మోసుకెళ్లిన సరుకు మాత్రం పోయినట్టే. నేను అలా పడిపోయినా ఊరివాళ్లు ఒక్క పూట పని ఆపలేదు. సంతాప సభ కూడా లేదు.

బొమ్మలు లేకపోయినా అర్ధరాత్రి ఆ అక్షరాల మధ్య తిరుగుతుంటే భయం వేస్తుంది. చుక్కల వెనక నుంచి ఏదో మృగం మీద పడుతుంది. ఎలా ఉంటుందో ఆట చూపించదు, ఆ పని మన బుర్ర చేసిపెడుతుంది. “లైటార్పి పడుకోండి” అని మా ఆవిడ కేకేసింది. పేజీ అడుగున ‘లైట్స్ ఆఫ్’ అని ఉంటే నొక్కాను. పేజీ నల్లబడింది. నేను లేవలేదు.

ఇది ఆషామాషీ ఆట కాదని ఆవిడకి నచ్చజెప్పబోయాను. అమీర్ రాజన్ అనే ఆయన దీన్ని ఐఫోన్‌కి తెస్తే, 2014లో అమెరికా యాప్ స్టోర్‌లో డబ్బిచ్చి కొనే యాప్‌లన్నిటికన్నా పైకెక్కి కూర్చుందని చెప్పాను. “వాళ్లిళ్లల్లో కరివేపాకు వాడరేమో” అంది.

ఊరు బాగా ఎదిగింది. మాంసం పొగబెట్టే ఇల్లూ, ఆయుధాల కొట్టూ వచ్చాయి. ఓ ఆదివారం మా అబ్బాయి “కంప్యూటర్ మరీ స్లో అయిపోయింది నాన్నా” అంటూ బ్రౌజర్‌లో పేరుకున్న డేటా అంతా తుడిచేశాడు. ఆట సేవ్ అయ్యేది ఆ డేటాలోనే. సాయంత్రం తెరిస్తే తెల్లటి పేజీ, చల్లారిన మంట. నా జమీందారీ రద్దు చట్టం మావాడి చేతుల మీదుగా అమల్లోకొచ్చింది.

కాబట్టి ఆడబోయేవారికి నాదో మనవి. పేజీ అడుగున చిన్న అక్షరాలతో ‘సేవ్’ అని ఉంటుంది. అందులో ఎక్స్‌పోర్ట్ నొక్కితే మీ ఊరంతా పొడవాటి అక్షరాల వరసగా బయటికొస్తుంది. దాన్ని కాపీ చేసి వేరే చోట దాచుకోండి. అక్కడే ‘హైపర్’ అని ఇంకోటుంది, నొక్కితే వేగం రెట్టింపవుతుంది. దాని జోలికి పోకండి, ఎదురుచూపే ఈ ఆటకి ప్రాణం. ముగింపు ఏమిటో ఎవర్నీ అడక్కండి, నేనూ చెప్పను. పిల్లలు ఇంట్లో ఉండే ఆదివారం రాకముందే ఆ ఎక్స్‌పోర్ట్ పని మాత్రం కానిచ్చేయండి.