ట్యాలీ తమ్ముడు

హనుమకొండ చౌరస్తా నుంచి ఏ దిక్కుకు నడిచినా ఏదో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో వాడు దొరుకుతాడు. కింద జిరాక్సు సెంటరు, పక్కన మిర్చీబజ్జీల బండి, మెట్ల గోడకు 'ట్యాలీ, జీఎస్టీ, పేరోల్, వంద శాతం జాబ్ గ్యారంటీ' అన్న ఫ్లెక్సీ. గ్యారంటీ ఎవరికో మాత్రం అందులో రాయలేదు. కాకతీయ యూనివర్సిటీ కింద ఏదో కాలేజీలో బీకాం చదువుతూ ఉంటాడు, లేదా చదివేసి రెండు బ్యాక్‌లాగులు మోస్తూ ఉంటాడు. మా వాడకట్టులోనూ ఒకడున్నాడు. ఊరికే 'ట్యాలీ తమ్మీ' అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూస్తారు కాబట్టి వీడి పేరు చెప్పక్కర్లేదు.

ఎవరు ఏం చెప్పినా అందులో డెబిట్ ఏది, క్రెడిట్ ఏది అని చూసుకున్నాకే వీడు జవాబు చెబుతాడు. వాళ్లమ్మ వంద రూపాయలిచ్చి కూరగాయలకు పంపితే దారంతా 'కూరగాయల ఖాతా డెబిట్, నగదు ఖాతా క్రెడిట్' అని గొణుక్కుంటూ పోతాడు.

"మిగిలిన పది రూపాయలేవిరా?"

"సస్పెన్స్ ఖాతాల ఉన్నయమ్మా."

ఆ ఖాతా బజ్జీల బండి దగ్గర నడుస్తున్నదని ఆమెకు ఎప్పుడో తెలుసు.

పోయిన మాఘమాసంలో మేనమామ కూతురి పెండ్లి. అక్షరమ్ముక్క వచ్చినవాడని కట్నాలు రాసే నోటుబుక్కు వీడి చేతికిచ్చారు. మొదటి ఐదువందల పదహార్ల దగ్గరే పెన్ను ఆగిపోయింది. "మామా, ఇది మనకు ఆదాయమా, అప్పా? రేపు వాళ్లింట్ల పెండ్లైతే మనం తిరిగి పెట్టాలె గదా. గట్లైతే ఇది లయబిలిటీ." వెనక లైను పెరిగిపోతోంది. "నువ్వు రాసుడు రాయిరా, నీ తెలివి తెల్లారా!" అన్నాడు మామ. కానీ నన్నడిగితే ఆ పందిట్లో నిజం మాట్లాడినవాడు వాడొక్కడే.

వీడి లోకంలో అందరికంటే ముఖ్యుడు రాము. రాము ఎవరో కామర్సు చదివిన వాళ్లకు చెప్పక్కర్లేదు. లక్ష రూపాయల నగదుతో వ్యాపారం ప్రారంభించినవాడు. ఫర్నిచరు కొంటాడు, అరువుకు సరుకు అమ్ముతాడు, సొంత వాడకానికి రెండువేలు తీసుకుంటాడు, అంతలో లెక్క అయిపోతుంది. తర్వాతి లెక్కలో మళ్లీ లక్ష రూపాయలతో ప్రారంభిస్తాడు. పాత దుకాణం ఏమైందో, ఆ ఫర్నిచరు ఎవరు ఎత్తుకుపోయారో పుస్తకం చెప్పదు. మా వాడికి రాము అంటే ప్రేమే గానీ లోపల ఓ చిన్న కచ్చ కూడా ఉంది. "అన్నా, ప్రతిసారీ గా లక్ష వానికి ఎవరిస్తున్నరే?"

రాత్రి పదింటికి ట్రయల్ బ్యాలెన్స్ కుదరకపోతే వీడు రామును వదిలేసి పచోలీని తిడతాడు. లూకా పచోలీ ఇటలీ సన్యాసి, 1494లో వెనీసులో ఈ జంటపద్దుల పద్ధతిని పుస్తకంగా అచ్చేయించినవాడు. ఆయన కనిపెట్టింది కాదు పాపం, అక్కడి వర్తకులు అప్పటికే రాసుకుంటున్నదాన్ని అచ్చులో పెట్టాడు. ఓరుగల్లు కోట ఢిల్లీ వాళ్ల చేతుల్లో పడిపోయి అప్పటికే 171 ఏళ్లు. వర్తకులను వదిలేసి సన్యాసిని తిట్టడం అన్యాయమే, కానీ పరీక్షలో అడిగేది పచోలీ పేరే.

ఓ రాత్రి చూశాను. తేడా 270 వచ్చింది. వీడి మొహం వెలిగిపోయింది. "తొమ్మిదితోటి పోతుందన్నా!" అంటే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయన్నమాట. అలా తారుమారైన తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగమవుతుంది. వేలితో ఒక్కొక్క ఖాతా తడుముకుంటూ పోయాడు. అద్దె 630 రాయాల్సిన చోట 360 పడింది. దొరికిన క్షణాన వీడు వేసిన కేకకు పక్కింటి కుక్క లేచి కూర్చుంది. అదే తొమ్మిదితో పోకపోయుంటే ఆ రాత్రి అన్నం ముట్టేవాడు కాదు.

పేరోల్ చాప్టరు మొదలైనప్పటి నుంచి వీడి నడకే మారింది. లెక్కలో ఒక క్లర్కు ఉంటాడు. బేసిక్ 12,000, డీఏ 3,000, ఇంటద్దె భత్యం 4,000, మొత్తం 19,000. పీఎఫ్ బేసిక్, డీఏల మీద పన్నెండు శాతం చొప్పున 1,800 కోస్తాడు. ఈఎస్ఐ ముప్పావు శాతం 142 రూపాయల యాభై పైసలు, దాన్ని పై రూపాయికి ఎక్కించి 143. తెలంగాణలో పదిహేనువేలు దాటి ఇరవై వేల లోపుంటే వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 16,907. యజమాని కట్టే 1,800లో 1,250 పెన్షనుకు, 550 పీఎఫ్‌కు. ఇదంతా కాగితం చూడకుండా చెబుతాడు. తను ఇంతవరకు ఒక్క రూపాయి జీతం తీసుకోలేదు గానీ, చేయి చాచే ఆ క్లర్కు మీద ఎంత జాలి! సెలవులు ఎక్కువై జీతం తెగిన నెలలో "పాపం, జొరమొచ్చిందో ఏమో" అని నిట్టూరుస్తాడు.

ఆ ఇంట్లో నిజమైన జీతం చీటీ చూసినవాడు తాత ఒక్కడే. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లులో మగ్గం మీద పనిచేశాడు. పీఎఫ్ చట్టం 1952లో వచ్చినప్పుడు మొదట దాని కిందికి తెచ్చిన ఆరు పరిశ్రమల్లో బట్టల మిల్లులొకటి. మూతపడ్డ ఆ మిల్లు తాలూకు పీఎఫ్ కోత చీటీలు తాత సందూగలో ఇంకా ఉన్నాయి. మనవడు వాటిని పటాల్లా తిరగేస్తాడు. "తాతా, నీకు పీఎఫ్ మంచిగ కోసిండ్రే!" తాతకు కోపం. "కోసినోళ్లను మెచ్చుకుంటవేందిరా?"

ఇన్‌స్టిట్యూటులో వీడు వాడే ట్యాలీ డబ్బు కట్టి కొన్నది కాదు, ఎడ్యుకేషన్ మోడ్. అందులో నెలకు మూడే తేదీలు పనిచేస్తాయి, 1, 2, 31. కాబట్టి వీడి కంపెనీలో కొనుగోళ్లన్నీ ఒకటిన, అమ్మకాలన్నీ రెండున. మధ్యలో దసరా వచ్చినా, బతుకమ్మ వచ్చినా ఎవరూ పైసా కదిలించరు. జీతాలు మాత్రం ముప్పై ఒకటిన ఠంచనుగా పడతాయి. ఇంత క్రమశిక్షణ గల సంస్థ ఉమ్మడి వరంగల్ జిల్లా మొత్తంలో మరొకటి లేదు.

ఈ సాఫ్ట్‌వేరు కథ కూడా ఓ తండ్రీకొడుకుల కథే. మిల్లులకు యంత్రాల విడిభాగాలు అమ్ముకునే శ్యాంసుందర్ గోయెంకాకు లెక్కలు రాసుకోవడానికి సరైన ప్రోగ్రాము దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌ను తయారుచేయమన్నాడు. 1986లో బెంగళూరులో కంపెనీ పెట్టారు. ఈ సంగతి వీడు ఓసారి వాళ్ల నాయనకు చెప్పి తప్పు చేశాడు. "చూసినవా, గా పిలగాడు తండ్రి అడిగితే కంపెనీయే పెట్టిండు. నేను కోర్సు ఫీజు కట్టి ఏడాదాయె" అని మొదలుపెట్టాడాయన.

చివరికి ఎనుమాముల మార్కెట్లో ఓ అడ్తి దుకాణంలో పని దొరికింది. నెలకు తొమ్మిదివేలు. మిర్చి సీజను, మొదటి రోజంతా తుమ్ములే. సేటు, ముసలి గుమాస్తా, వీడు, మొత్తం ముగ్గురు. రైతులకు తక్‌పట్టీలు రాయాలి. బస్తాలు, తూకం, ధర, హమాలీ కూలీ, తూకం వేసే దడవాయి కూలీ. వీడు మౌసు వెతుక్కునేలోపు గుమాస్తా నోటితోనే కూడి, తీసేసి, చీటీ చింపి రైతు చేతిలో పెట్టేస్తాడు. పైగా అక్కడ వ్యవహారాలు పదిహేడో తారీఖున కూడా జరుగుతున్నాయి!

నెల తిరిగింది. సేటు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించిన ఓచరు మీద సంతకం పెట్టించుకుని తొమ్మిదివేలు లెక్కబెట్టి ఇచ్చాడు. చీటీ లేదు, కోతా లేదు. పీఎఫ్ కోయాలంటే దుకాణంలో ఇరవైమంది ఉండాలి, ఈఎస్ఐకి పదిమంది, వృత్తి పన్నుకు పదిహేనువేలు దాటాలి. రెండేళ్లు సాధన చేసిన విద్యలో ఒక్క గడి కూడా తన జీతానికి పనికిరాలేదు. ప్రాణం ఒప్పక ఆ సాయంత్రం తనే ఓ పే స్లిప్పు కొట్టాడు. పీఎఫ్ సున్నా, ఈఎస్ఐ సున్నా, వృత్తి పన్ను సున్నా, నికరం 9,000.

ప్రింటరు లోంచి వచ్చిన ఆ కాగితాన్ని గుమాస్తా కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"పే స్లిప్పు కాకా. బ్యాంకుల లోనుకు గిదే అడుగుతరు."

"గట్లనా? పిల్లగాని బండికి లోనంటే జీతం కాయితం తెమ్మన్నరు. నాదొకటి తియ్యి."

వీడు కీబోర్డు ముందుకు జరిగాడు. పేరు, హోదా, జీతం చకచకా పడ్డాయి.

"కాకా, పన్ల చేరిన తారీఖు?"

ముసలాయన మిర్చి బస్తాల వైపు చూస్తూ వేళ్లు మడిచాడు. "తారీఖెవనికెరుక? దడవాయి వీరన్న కాలు ఇరగ్గొట్టుకున్న ఏడు. గట్లనే రాయి."